నాయిస్ పుట్టిన చోటు: 780 నానోమీటర్ల ఫోటాన్‌ను చిప్ మీద 1514కు మార్చిన ఒక కేస్ స్టడీ

రుబీడియం పరమాణువు విడుదల చేసే 780 నానోమీటర్ల ఫోటాన్‌ను (వెలుగు కణాన్ని) టెలికాం ఫైబర్‌లో దూరం పంపాలంటే ముందుగా దాని తరంగదైర్ఘ్యం మార్చాలి. 780 దగ్గర గాజు ఫైబర్ కిలోమీటరుకు సుమారు 3.5 నుంచి 4 డెసిబెల్‌ల వెలుగును మింగేస్తుంది కాబట్టి పది కిలోమీటర్లు దాటేసరికి కొన్ని వేల ఫోటాన్‌లలో ఒక్కటి మిగలడం కష్టం. అదే 1500 నానోమీటర్ల ప్రాంతంలో నష్టం కిలోమీటరుకు 0.2 డెసిబెల్ చుట్టూ ఉంటుంది, పది కిలోమీటర్ల తర్వాత కూడా సగానికి పైగా ఫోటాన్‌లు చేరతాయి. ఈ మార్పిడిని పలుచని లిథియం నయోబేట్ పొరతో చేసిన చిప్ మీద జరిపినప్పుడు మాకు ఎదురైన నాయిస్ (సిగ్నల్ లేకపోయినా డిటెక్టర్‌లో వచ్చే అబద్ధపు క్లిక్‌లు) సమస్యను, దాని మూలాన్ని మేము వెతికిన తీరును, ముందు చేసిన తప్పు అంచనాలతో సహా ఇక్కడ నమోదు చేస్తున్నాను. పరమాణువును ఇంకా కలపలేదు. దాని స్థానంలో బాగా బలహీనపరచిన 780 లేజర్ స్పందాలను వాడి, మార్పిడి భాగాన్ని మాత్రమే పరీక్షించాము.

మార్పిడికి మేము వాడింది భేద పౌనఃపున్య ప్రక్రియ. 780.24 నానోమీటర్ల ఫోటాన్ శక్తిలోంచి పంప్ లేజర్ (మార్పిడిని నడిపే బలమైన వెలుగు) ఫోటాన్ శక్తిని తీసివేస్తే మిగిలేదే ఫలిత ఫోటాన్. 1600 నానోమీటర్ల పంప్ ఎంచుకుంటే ఫలితం 1522.9 దగ్గర వస్తుంది. ఫలితం కచ్చితంగా 1550 దగ్గరే రావాలని పట్టుబడితే పంప్ 1571 దగ్గర ఉండాలి, అప్పుడు రెండింటి మధ్య దూరం 87 విలోమ సెంటీమీటర్లే (శక్తి తేడాను కొలిచే ప్రమాణం) ఉంటుంది. ఆ దగ్గరితనం ఎంత చేటో కింద రామన్ (పదార్థపు కంపనాల వల్ల వెలుగు రంగు మారడం) లెక్క చూస్తే తెలుస్తుంది. పంప్ తరంగదైర్ఘ్యం ఫలితం కన్నా ఎక్కువగా ఉండేలా చూసుకోవడం ఈ రంగంలో స్థిరపడిన మొదటి జాగ్రత్త. ఎందుకంటే పంప్ ఫోటాన్ శక్తి ఫలిత ఫోటాన్ శక్తి కన్నా ఎక్కువైతే, పంప్ ఫోటాన్ తనంతట తానే రెండుగా చీలి, అందులో ఒకటి సరిగ్గా మన ఫలితపు పట్టీలో, అంటే ఫలితాన్ని వెతికే సన్నని తరంగదైర్ఘ్యాల పరిధిలో, పడవచ్చు. వజ్రంలోని నైట్రోజన్ కేంద్రాల 637 నానోమీటర్ల వెలుగును 1064 పంప్‌తో 1587కు తెచ్చే పద్ధతిలో ఈ ఇబ్బంది సహజంగానే ఉంది: 1064 ఫోటాన్ చీలి 1587 ఫోటాన్‌ను, దానితో పాటు 3.2 మైక్రాన్‌ల ఫోటాన్‌ను ఇవ్వగలదు, లిథియం నయోబేట్ ఆ రెండింటికీ పారదర్శకమే. మా విషయంలో ఆ దారి మూసుకుపోయింది.

సిద్ధాంతం ఏమంటుంది

ఫోటాన్ రంగు మార్చడం వేరు, దాన్ని పెంచడం వేరు. ఆంప్లిఫైయర్ శూన్యస్థితి (ఒక్క ఫోటాన్ కూడా లేని స్థితి) ఒడిదుడుకులను కూడా పెంచక తప్పదు, అందువల్ల దానిలో నాయిస్ ప్రకృతి నియమంగానే చేరుతుంది. రంగు మార్చే ప్రక్రియ అలాంటిది కాదు. 1990లో ప్రేమ్ కుమార్ చూపించినట్టు అది రెండు పౌనఃపున్యాల మధ్య పనిచేసే బీమ్ స్ప్లిటర్ (వెలుగును రెండు దారులుగా పంచే అద్దం) లాంటిది: లోపలికి వచ్చిన క్వాంటం స్థితి సూత్రరీత్యా యథాతథంగా కొత్త రంగులోకి వెళ్తుంది. 1992లో హువాంగ్, కుమార్ కలిసి దాన్ని ప్రయోగంతో నిరూపించారు. మార్పిడి అసంపూర్ణమైతే ఆ లోటును శూన్యస్థితి నింపుతుంది, దానివల్ల ఫోటాన్ దొరికే అవకాశం తగ్గుతుందే తప్ప డిటెక్టర్‌లో అబద్ధపు క్లిక్ రాదు. కాబట్టి సిగ్నల్ మూసేసి పంప్ మాత్రమే వెలిగించినప్పుడు ఫలితపు పట్టీలో కనిపించే ప్రతి క్లిక్, డిటెక్టర్ చీకటి కౌంట్లు (వెలుగు లేకున్నా డిటెక్టర్ తనంతట తాను ఇచ్చే క్లిక్‌లు) పోగా, పదార్థం లోపల పంప్ వెలుగు చేసే మరేదో పని వల్ల వచ్చినదే. అది సిద్ధాంతం విధించిన పన్ను కాదు, కాబట్టి వెతికితే దొరుకుతుందన్న నమ్మకంతో పని మొదలుపెట్టవచ్చు.

అబద్ధపు క్లిక్‌లు ఎన్ని ఉంటే ఎంత నష్టమో ఒక చిన్న లెక్క చెబుతుంది. రుబీడియం ఉత్తేజిత స్థితి జీవితకాలం 26 నానోసెకన్లు, కాబట్టి 100 నానోసెకన్ల కిటికీ తెరిస్తే దాదాపు ఫోటాన్ అంతా అందులో పడుతుంది. సెకనుకు 1000 నాయిస్ క్లిక్‌లు ఉన్నాయనుకుంటే ఒక కిటికీలో నాయిస్ పడే అవకాశం పది వేలలో ఒకటి. ఒక్కో ప్రయత్నంలో సిగ్నల్ దొరికే అవకాశం నూటికి ఒకటైతే సిగ్నల్‌కూ నాయిస్‌కూ నిష్పత్తి 100, అప్పుడు నిర్దోషమైన సింగిల్ ఫోటాన్ మూలం కూడా రెండో శ్రేణి సహసంబంధంలో (ఒకేసారి రెండు ఫోటాన్‌లు దొరికే అవకాశపు కొలతలో) సున్నాకు బదులు 0.02 చూపుతుంది. సిగ్నల్ అవకాశం వెయ్యికి ఒకటికి పడిపోతే ఆ అంకె 0.17కు లేస్తుంది. మ్యూనిక్‌లో 33 కిలోమీటర్ల ఫైబర్ మీదుగా రెండు రుబీడియం పరమాణువుల మధ్య ఎంటాంగిల్‌మెంట్ (రెండింటి క్వాంటం స్థితులను ముడివేయడం) కల్పించి 2022లో ప్రకటించిన బృందం కూడా ఇదే 780 ఫోటాన్‌ను 1517కు మార్చింది. పరమాణువు నుంచి ఫోటాన్ సేకరించడమే కష్టమైన అలాంటి చోట్ల నాయిస్‌లో తగ్గే ప్రతి క్లిక్‌కూ విలువ ఉంది.

మొదటి కొలత, మొదటి అనుమానం

మా చిప్‌లో సెంటీమీటరు పొడవున్న వేవ్‌గైడ్‌లు (వెలుగును నడిపించే సన్నని దారులు) వరుసగా ఉన్నాయి. వాటి లోపల స్ఫటిక ధ్రువాన్ని నాలుగు మైక్రాన్ల దరిదాపు ఆవర్తనంతో అటూ ఇటూ తిప్పారు. ఆ తిప్పడాన్నే పోలింగ్ అంటాము. ఒక్కో వేవ్‌గైడ్‌కు ఆవర్తనం కొద్దికొద్దిగా వేరు, అందువల్ల ఒక్కోటి ఒక్కో పంప్ తరంగదైర్ఘ్యానికి సరిపోతుంది. చిప్‌కు రెండు వైపులా ఫైబర్ అంటించి ఒక బయటి సంస్థ ప్యాకేజీ చేసి ఇచ్చింది. బయటికి వచ్చే ఫైబర్ పొడవు రెండు మీటర్లు. అప్పుడు దాని గురించి మేము రెండో ఆలోచన చేయలేదు.

సిగ్నల్ మూసి, పంప్‌ను మెల్లగా పెంచుతూ నాయిస్ కౌంట్లు రాసుకున్నాము. ఇలాంటి గ్రాఫ్‌ను రెండు అక్షాల మీదా లాగరిథమ్ స్కేల్‌లో గీయాలి. వాలు ఒకటి ఉంటే నాయిస్ పంప్‌కు అనులోమంగా పెరుగుతోందని, రెండు ఉంటే పంప్ వర్గానికి అనులోమంగా పెరుగుతోందని అర్థం. వర్గంగా పెరిగే నాయిస్‌కు ఈ చిప్‌లో ఒక సహజమైన దారి ఉంది. 1600 పంప్‌లో కొంత భాగం పోలింగ్ లోపాల సాయంతో రెట్టింపు పౌనఃపున్యానికి, అంటే 800 నానోమీటర్లకు మారుతుంది, ఆ 800 ఫోటాన్ మళ్ళీ చీలి 1522.9 ఫోటాన్‌ను, దాని జంటగా 1685 దగ్గర మరో ఫోటాన్‌ను ఇస్తుంది. మా గ్రాఫ్ పని చేసే శక్తి వరకు ఒకటి వాలుతోనే నడిచి, ఆ పైన మాత్రమే కొద్దిగా పైకి వంగింది. ఆ దారి ఉందని తేలింది కానీ మా ఇబ్బందికి అది కారణం కాదు. దాన్ని అక్కడికి వదిలేశాము.

ఒకటి వాలు చూడగానే అందరికీ వచ్చే అనుమానమే మాకూ వచ్చింది: రామన్ పరిక్షేపణ. పంప్ ఫోటాన్ స్ఫటికంలో అప్పటికే ఉన్న ఒక కంపనాన్ని తనలో కలుపుకుని, ఎక్కువ శక్తితో, ఫలితపు పట్టీలో బయటికి వస్తుంది. దీన్ని ఆంటీ-స్టోక్స్ రామన్ అంటారు. ఎంత వస్తుందన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. ఆ శక్తి తేడా దగ్గర స్ఫటికానికి కంపన రేఖ ఉందా అన్నది ఒకటి, గది ఉష్ణోగ్రతలో ఆ కంపనం సగటున ఎంత నిండి ఉందన్నది, అంటే బోస్ గుణకం, రెండోది. 1600 పంప్‌కూ 1522.9 ఫలితానికీ మధ్య తేడా 316 విలోమ సెంటీమీటర్లు, దానికి బోస్ గుణకం 0.28. పైన చెప్పిన 1550 కోరికను పట్టుకుని 87 తేడాతో పనిచేసి ఉంటే అది దాదాపు 1.9 అయ్యేది.

కంపన రేఖల విషయంలో స్ఫటికపు సౌష్ఠవం మనకు సాయపడుతుంది. మా వేవ్‌గైడ్‌లో పంప్, సిగ్నల్, ఫలితం మూడింటి ధ్రువణమూ స్ఫటికపు అక్షం వెంటే ఉంది కాబట్టి లిథియం నయోబేట్‌లోని అనేక కంపనాలలో ఒక తెగకు చెందినవి మాత్రమే కనిపిస్తాయి: 254, 275, 333, 633 విలోమ సెంటీమీటర్ల దగ్గర. ఏ ధ్రువణంలో ఏ రేఖ కనిపిస్తుందో గ్రూప్ సిద్ధాంతంతో (సౌష్ఠవాల గణితంతో) తేల్చే ఈ విద్యను మన దగ్గర, వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, సూరి భగవంతం, వెంకటరాయుడు గార్లు ఎన్నో దశాబ్దాల క్రితమే పద్ధతిగా చేసి చూపించారు. ఆ పట్టికలను ఈ రోజు ఒక క్వాంటం చిప్ కోసం తిరగేస్తున్నప్పుడు నాకు నిజంగా సంతోషం కలిగింది. మా 316 తేడా 275, 333 రేఖల మధ్య ఇరుక్కుని రెండింటి అంచుల మీదా కూర్చుంది. 333కు, 633కు మధ్య ఉన్న లోయలోకి జరగడమే పరిష్కారమని అనుకున్నాము. ఉత్సాహపడి పంప్‌ను 1640 దాకా జరిపితే తేడా 621 అయ్యి, బలమైన 633 రేఖ మీదికి వెళ్ళి పడతాము. పంప్ ఆంప్లిఫైయర్ బాగా పనిచేసే చివరి అంచు 1610. అక్కడ ఫలితం 1513.9, తేడా 394, బోస్ గుణకం 0.18. అందుకు తగిన ఆవర్తనం ఉన్న పక్క వేవ్‌గైడ్‌కు మారాము.

బోస్ గుణకం ఒక్కటే చూసుకున్నా నాయిస్ మూడో వంతుకు పైగా తగ్గాలి, రేఖల అంచు నుంచి బయటపడినందుకు ఇంకా తగ్గాలి. తగ్గింది పావు వంతు మాత్రమే.

చిప్ పొడవు గురించి ఒక మాట

ఈ దశలో మాలో ఒకరు పంప్ శక్తి తగ్గేలా వేవ్‌గైడ్‌ను ఇంకా సన్నం చేయాలని సూచించారు. పలుచని పొరల చిప్‌ల గురించి తరచూ వినిపించే మాటే ఇది: వెలుగు ఇరుకు చోట బంధింపబడుతుంది కాబట్టి తక్కువ పంప్ చాలు, కాబట్టి నాయిస్ తక్కువ. మొదటి సగం నిజం, రెండో సగం రామన్ విషయంలో నిజం కాదు. వెలుగు ఇరుకైనకొద్దీ మార్పిడి ఎంత బలపడుతుందో రామన్ కూడా అంతే బలపడుతుంది. పూర్తి మార్పిడికి కావలసిన పంప్ తగ్గిన మేరకు రామన్ సామర్థ్యం పెరిగి రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిగిలేది పొడవు మాత్రమే: పూర్తి మార్పిడి దగ్గర రామన్ నాయిస్ వేవ్‌గైడ్ పొడవుకు విలోమంగా ఉంటుంది. కాబట్టి నాయిస్ తగ్గాలంటే పంప్ తగ్గించే దారి ఇరుకుతనంలో కాక, నష్టం అనుమతించినంత మేర, పొడవులో ఉంది.

నాయిస్ ఎక్కడ పుట్టింది

ఇక్కడే మా ఆలోచన దారి మార్చుకుంది. అప్పటిదాకా నాయిస్ ఎంత అని, పంప్‌తో ఎలా పెరుగుతోందని మాత్రమే అడుగుతూ వచ్చాము. ఎక్కడ పుట్టిందని అడగలేదు. పంప్‌కు అనులోమంగా పెరిగే నాయిస్ మూడు చోట్ల పుట్టవచ్చు: చిప్‌కు ముందు, అంటే ఆంప్లిఫైయర్ సహజంగా వెదజల్లే వెలుగులోంచి గానీ పంప్‌ను తెచ్చే ఫైబర్‌లోంచి గానీ; చిప్ లోపల; చిప్ తర్వాత, అంటే పంప్ ఇంకా వేరుపడని ఫైబర్‌లో. వాలు మూడింటికీ ఒకటే కాబట్టి గ్రాఫ్ వాటిని విడదీయలేదు.

విడదీయగలిగే సాధనం మా చేతిలోనే ఉంది. అది మార్పిడి చేసే చిప్. ఫేజ్ మ్యాచింగ్ (మూడు వెలుగుల తరంగాలు చిప్ పొడవునా లయ తప్పకుండా నడవడం) కుదిరి పూర్తి మార్పిడి జరుగుతున్నప్పుడు చిప్ 780ని 1514కు మార్చడమే కాక, 1514 దగ్గర లోపలికి వచ్చిన దేన్నైనా తిరిగి 780కి మారుస్తుంది. బీమ్ స్ప్లిటర్‌కు రెండు వైపులూ సమానమే. అందువల్ల చిప్‌కు ముందే పుట్టి ఫలితపు పట్టీలో లోపలికి వచ్చిన నాయిస్ మొత్తంగా 780కి వెళ్ళిపోతుంది, ఫలితపు డిటెక్టర్‌కు చేరదు. చిప్ లోపల పుట్టినది పుట్టిన చోటు నుంచి చివరిదాకా మిగిలిన దూరం మేరకే మారుతుంది. మొదట్లో పుట్టినది దాదాపు పూర్తిగా, చివర్లో పుట్టినది దాదాపు అసలు మారకుండా. పొడవంతా సగటు తీస్తే సరిగ్గా సగం మారుతుంది, సగం ఫలితపు పట్టీలోనే మిగులుతుంది. చిప్ దాటాక పుట్టిన నాయిస్‌కు చిప్‌తో సంబంధం లేదు, అది పూర్తిగా ఉంటుంది.

ఇప్పుడు చిప్ ఉష్ణోగ్రతను ఫేజ్ మ్యాచింగ్ శిఖరం నుంచి తప్పుకునేంత మాత్రం జరిపితే మార్పిడి ఆగిపోతుంది, రామన్ మాత్రం ఆగదు, ఎందుకంటే రామన్‌కు పోలింగ్ అవసరం లేదు. అంత చిన్న జరుపుకు బోస్ గుణకంలో వచ్చే తేడా లెక్కలోకి రాదు. కాబట్టి శిఖరం మీద ఉన్న నాయిస్‌ను శిఖరం తప్పినప్పటి నాయిస్‌తో భాగిస్తే వచ్చే సంఖ్య, నాయిస్ అంతా చిప్‌కు ముందు పుడితే సున్నా, అంతా లోపల పుడితే అర, అంతా తర్వాత పుడితే ఒకటి. దీనికి ఒక షరతు ఉంది: ఫిల్టర్ పట్టీ చిప్ మార్పిడి పట్టీ కంటే సన్నగా ఉండాలి, లేకపోతే మార్పిడికి అందని నాయిస్ అంచుల నుంచి వచ్చి లెక్కను చెడగొడుతుంది. మా ఫిల్టర్ ఒక గిగాహెర్ట్జ్ వెడల్పుది, కాబట్టి ఆ షరతు తీరింది.

మాకు వచ్చిన నిష్పత్తి దాదాపు 0.8. అర కంటే ఎక్కువ వచ్చిందంటే చిప్ ఒక్కటే దోషి అయ్యే వీలు లేదు. చిప్‌కు ముందు పుట్టేదాన్ని మంచి ఫిల్టర్‌తో ఆపామని విడిగా సరిచూసుకున్నాము కాబట్టి మిగిలిన రెండింటి మధ్యే పంపకం. లెక్క వేస్తే మొత్తం పుట్టిన నాయిస్‌లో అయిదింట మూడు వంతులు చిప్ దాటిన తర్వాత పుడుతోంది.

చిప్ దాటిన తర్వాత ఉన్నది రెండు మీటర్ల గాజు ఫైబర్. అందులో ఫలితంతో పాటు సుమారు 50 మిల్లీవాట్ల పంప్ ప్రయాణించి, ఆ చివర మాత్రమే ఫిల్టర్‌ను కలుస్తుంది. గాజుకు రామన్ రేఖలు స్ఫటికానికి ఉన్నట్టు సన్నగా ఉండవు. ఒకే వెడల్పైన దిబ్బ, 440 విలోమ సెంటీమీటర్ల దగ్గర దాని శిఖరం. మేము లిథియం నయోబేట్ లోయ వెతుక్కుంటూ 316 నుంచి 394కు జరిగినప్పుడు తెలియకుండానే గాజు శిఖరం వైపు నడిచాము. బోస్ గుణకం తగ్గినంత మేలును గాజు రామన్ పెరుగుదల చాలా వరకు తినేసింది. నాయిస్ పావు వంతే తగ్గడానికి అసలు కారణం ఇది. టెలికాం ఫైబర్ రామన్ గెయిన్ (రామన్ ఎంత బలంగా జరుగుతుందన్న కొలత) వాట్‌కు, కిలోమీటరుకు 0.4 చుట్టూ ఉంటుందని తీసుకుంటే, 50 మిల్లీవాట్లు రెండు మీటర్ల మీద ఒక గిగాహెర్ట్జ్ పట్టీలో సెకనుకు కొన్ని వేల ఫోటాన్‌లను పుట్టిస్తాయి. కిలోమీటర్ల లెక్కన ఆలోచించడం అలవాటైన వాళ్ళకు రెండు మీటర్లు లెక్కలోకి రానట్టు అనిపిస్తుంది. సింగిల్ ఫోటాన్ పనిలో అది సెంటీమీటరు చిప్‌తో సమానమైన మూలం.

సవరణ, తర్వాతి కొలత

బయటి ఫైబర్‌ను రెండు మీటర్ల నుంచి 40 సెంటీమీటర్లకు కత్తిరించి, పంప్‌ను వేరుచేసే ఫిల్టర్‌ను అక్కడే అతికించాము. చేయడానికి ముందే ఫలితాన్ని కాగితం మీద రాసుకున్నాము: ఫైబర్ వాటా అయిదో వంతుకు పడాలి, శిఖరం మీద మొత్తం నాయిస్ మునుపటిలో అయిదింట రెండు వంతులు కావాలి, భాగహార నిష్పత్తి 0.8 నుంచి 0.6 దాకా దిగాలి. నిష్పత్తి అనుకున్న చోటికే వచ్చింది. మొత్తం నాయిస్ మాత్రం అనుకున్న దాని కన్నా కొద్దిగా పైన ఆగింది. అతుకు దగ్గర నష్టం కారణం కావడానికి వీల్లేదు, నష్టం నాయిస్‌ను తగ్గిస్తుంది కాబట్టి. ఫిల్టర్ పెట్టె లోపల దాని సొంత ఫైబర్ తోక చుట్ట చుట్టి ఉందని, పంప్ వేరుపడే ముందు ఆ తోకలో కూడా ప్రయాణిస్తోందని పెట్టె విప్పి చూశాక తెలిసింది. ఆ పొడవును కలిపితే లెక్క సరిపోయింది.

పంప్‌ను ఆపే విషయంలో కూడా ఇదే ఓపిక అవసరం. 100 మిల్లీవాట్ల 1610 వెలుగు అంటే సెకనుకు 8 పక్కన 17 సున్నాలు పెట్టినన్ని ఫోటాన్‌లు. అందులో సెకనుకు ఒక్కటి మించి దాటిపోకుండా ఆపాలంటే 180 డెసిబెల్‌ల అడ్డు కావాలి. అంత అడ్డును ఒకే ఫిల్టర్ ఇవ్వదు, వరుసగా పేర్చాలి. పేర్చినప్పుడు పంప్‌లో సింహభాగాన్ని ఆపే ఫిల్టర్ చిప్‌కు అతి దగ్గరగా ఉండాలి, సన్నని పట్టీ ఫిల్టర్ తర్వాత రావాలి. మా మొదటి అమరికలో వాటి క్రమం సరిగ్గానే ఉంది, చోటు మాత్రమే తప్పు.

ఇప్పుడు మిగిలిన నాయిస్‌లో పెద్ద వాటా చిప్ లోపలిదే. దాన్ని తగ్గించడానికి చిప్‌ను చల్లబరచడం ఒక దారి. ద్రవ నైట్రోజన్ ఉష్ణోగ్రతలో 394 విలోమ సెంటీమీటర్ల కంపనాలు దాదాపు ఖాళీ అయిపోతాయి. కానీ అప్పుడు ఫేజ్ మ్యాచింగ్ మారి, పోలింగ్ ఆవర్తనాన్ని ఆ ఉష్ణోగ్రతకే లెక్కించి కొత్త చిప్ చేయాలి. నా అభిప్రాయంలో పొడవైన వేవ్‌గైడ్ అంతకన్నా తేలిక. తర్వాతి చిప్ మాస్క్‌లో (చిప్ మీద గీసే నమూనాలో) వేవ్‌గైడ్ పొడవును రెట్టింపు చేశాము, 1610ని 1514 నుంచి విడదీసే కప్లర్‌ను బయటి అంచుకు ముందే చిప్ మీదే పెట్టాము, తద్వారా పంప్ ఇక గాజు ఫైబర్‌లోకి అడుగుపెట్టదు. ప్రతి వేవ్‌గైడ్ పక్కన అదే కొలతలతో, పోలింగ్ చేయని మరో వేవ్‌గైడ్‌ను కూడా గీశాము; ఉష్ణోగ్రత జరపకుండానే రెండింటి కౌంట్లను పోల్చి నాయిస్ పుట్టిన చోటును చెప్పడానికి అది పనికొస్తుంది.